పెద్దులన్న రెండో బ్యాటరీ

మా పెద్దులన్నకు ఏ వస్తువైనా ఒక్కటే ఉంటే నిద్రపట్టదు. రెండోది ఉండాల్సిందే. నడుముకు బెల్టు పెట్టి, అది తెగితే ఎలా అని దాని కింద నూలుతాడు కూడా కట్టేవాడు. చేతికి రెండు గడియారాలు. అవి ఏనాడూ ఒకే టైము చూపించిన పాపాన పోలేదు, అయినా రెండింటికీ పొద్దున్నే కీ ఇచ్చేవాడు. ఇంటికి ఉత్తరం రాస్తే, మూడు రోజులాగి అదే ఉత్తరం మళ్లీ రాసి పోస్టు చేసేవాడు. జగిత్యాల దగ్గరి పల్లెలో ఉన్న గౌరవ్వ విసిగిపోయి, చదివిపెట్టే పంతులు రెండోసారి చదవనంటున్నాడని మొగుడికి జవాబు రాయించింది. ఆ జవాబు ఒక్కటే వచ్చిందని ఈయన వారం రోజులు బెంగపెట్టుకున్నాడు.

1977లో అరబ్బు దేశంలో, సముద్రం పక్కన అల్ మవాలే అనే చోట మా కంపెనీ క్యాంపు ఉండేది. ఆయన ఎలక్ట్రీషియను, నేను స్టోర్‌కీపర్ని, ఇద్దరిదీ ఒకే రూమ్. నా పేరు అమోసు, అమలాపురం వైపు వాణ్ని. నేను యాభై కిలోలు, ఆయన ఎనభై ఆరు. స్టోరుకొచ్చి ఏది తీసుకున్నా "ఇది పోతే?" అని ఇంకోటి పట్టుకుపోయేవాడు.

మా ఇంజినీరు ఎహసాన్ సాబ్‌ది కరాచీ. విమానం నడపడం నేర్చిన మనిషి. కావలసిన అనుమతులన్నీ తెచ్చుకుని, సెలవుండే ప్రతి శుక్రవారం కంపెనీ షెడ్డులో ఇద్దరు పట్టే చిన్న విమానం సొంతంగా కట్టుకుంటున్నాడు. ఇంజను ఓ పాత కారుది. కరెంటు పనంతా పెద్దులన్నకు అప్పగించి, తన పక్కసీట్లో మొదట ఎక్కేది నువ్వేనని మాటిచ్చాడు. బొంబాయి నుంచి ఓడలో వచ్చిన పెద్దులన్న అంతవరకు విమానం ఎక్కి ఎరగడు. గౌరవ్వకు ఆ సంగతి రెండు ఉత్తరాల్లోనూ రాశాడు.

సాబ్ గీసిన బొమ్మలో ఒక బ్యాటరీ, ఒక స్విచ్చి, ఒక వైరు ఉన్నాయి. ఇంజనులో నిప్పురవ్వ పుట్టాలన్నా, పెట్రోలు పంపు తిరగాలన్నా ఆ కరెంటే దిక్కు. పెద్దులన్న బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది పోతే?" అన్నాడు. నెల రోజులు ఆ ఒక్క మాటతోనే వేధించి, చివరికి సాబ్‌ని రెండో బ్యాటరీకి ఒప్పించాడు. తీరా చూస్తే సాబ్ ఆ రెంటినీ ఒకే స్విచ్చికి కలిపాడు.

"రెండెడ్లకు ఒక్కటే పలుపేసిండు సారూ," అని నా దగ్గర వాపోయాడు. "పలుపు తెగితే రెండూ పోతయ్ గద."

మళ్లీ అంతా విప్పించాడు. ఒక్కో బ్యాటరీకి వేరే స్విచ్చి, వేరే ఫ్యూజు పెట్టి, ఒక వైరు ఎడమ గోడ వెంబడి, ఒకటి కుడి గోడ వెంబడి లాగాడు. ఎడమ పక్క ఏం కాలినా కుడి పక్కకు తెలియకూడదట.

సాబ్ ఒంటరిగా నాలుగైదుసార్లు ఎగిరి చూశాడు. ఇక పెద్దులన్న ఎక్కాల్సిన వారం వచ్చింది. అప్పుడు ఉన్నట్టుండి, తనకు ఎత్తంటే కళ్లు తిరుగుతాయనీ, తన బదులు నన్ను ఎక్కమనీ అన్నాడు. రోజూ కరెంటు స్తంభం ఎక్కే మనిషికి ఎత్తంటే భయమేమిటని క్యాంపంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

శుక్రవారం పొద్దున ఎగిరాం. కింద సముద్రం, చేపల పడవలు కనిపిస్తుంటే నా ఆనందం చెప్పలేను. ఇంతలో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకొచ్చిన ప్రార్థనలన్నీ కలిపి ఒకే ప్రార్థన చేశాను. సాబ్ ఎడమ స్విచ్చి తీసేసి కుడి స్విచ్చి వేశాడు. ఇంజను మళ్లీ అందుకుంది.

దిగేసరికి పెద్దులన్న రెండు నీళ్ల సీసాలతో నిలబడి ఉన్నాడు. ఇంజను మూత తెరిచి, బోల్టుకు రాసుకుని అరిగిపోయిన ఎడమ వైరును చూశాడు.

"రెండోది పట్టిందా?" అన్నాడు.

"పట్టిందన్నా."

అప్పుడు సాబ్ చెమట తుడుచుకుంటూ అసలు సంగతి చెప్పాడు. రెండో బ్యాటరీ, దాని సరంజామా కలిపి పదకొండు కిలోలు. ఆ బరువుతోపాటు ఇంత లావు మనిషిని విమానం మోయలేదు. బ్యాటరీ కావాలా, సీటు కావాలా తేల్చుకోమంటే పెద్దులన్న క్షణం ఆలోచించకుండా బ్యాటరీ అన్నాడట.

సిగ్గుతో తల దించుకున్నాను. "నాకెందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే నువ్వు ఎక్కవ్ గద," అన్నాడు. "బ్యాటరీ తీసేస్తే నేనెక్కుదును. కని నేను దిగినంక సాబ్ ఇంకొకల్లను ఎక్కిస్తడు. సీటు పోతే ఇంకోటి దొరుకుతది సారూ. నీ అసొంటోడు పోతే యాడ తేవాలె?"

ఆ మనిషిని పట్టుకుని ఏడ్చేవాణ్నే, రెండో సీసా చేతిలో పెట్టి తాగమన్నాడు.

ఇక బ్యాటరీ దిగదు కాబట్టి పెద్దులన్నే తగ్గాలని తీర్మానించాం. ఆ రోజునుంచి ఆయన అన్నం రెండోసారి వడ్డించుకోవడం మానేశాడు. జన్మలో ఆయన రెండోది వదులుకోవడం అదొక్కటే. స్టోర్లో మేకులు తూచే కాటా మీద వారంవారం నిలబెట్టి తూచాను. మూడోనెలకు బెల్టుకు చిల్లులు చాలక ప్యాంటు జారబోతే, నూలుతాడే పరువు నిలిపింది. నాలుగో నెలకు పదకొండు కిలోలూ దిగిపోయాయి.

సాబ్ ఆయన్ని ఎక్కించుకుని సముద్రం మీద ఒక చుట్టు తిప్పి తీసుకొచ్చాడు. పెద్దులన్న దిగి రెండు గడియారాలూ చూసుకున్నాడు. ఒకదాని ప్రకారం పది నిమిషాలు ఎగిరాడు, ఇంకోదాని ప్రకారం పదమూడు. కళ్లు తుడుచుకున్నాడు. ఎలా ఉందన్నా అంటే మంచిగున్నదని తల ఊపాడు. తర్వాత సాబ్ వైపు తిరిగి, ఇంకో చుట్టు తిప్పమని ఉర్దూలో బతిమాలాడు.

ఇప్పుడే కదా తిరిగొచ్చావు, ఇంకోటెందుకన్నాను.

"ఇది యాదిమరిస్తే?" అని మళ్లీ ఎక్కి కూర్చున్నాడు.