నీళ్లు మానేసి తీసిన పెళ్లిళ్లు

ఆసిఫాబాద్ అవతల ఒక ఊళ్లో పెళ్లి. పొద్దున ఆరింటికి కెమెరా పట్టిన జ్యోతిర్మయి సాయంత్రం ఆరైనా ఒక్కసారి కూడా బాత్రూమ్‌కు వెళ్లలేదు. ఆ ఇంట్లో బాత్రూమ్ లేక కాదు. పెళ్లికోసమే కట్టించిన కొత్త బాత్రూమ్ ఉంది, తెల్లటి టైల్స్ వేసి. తలుపుకు తాళం. అడిగితే పెళ్లికూతురి మేనత్త అన్నది కదా:

"అండ్ల మగపెళ్లోళ్ల సూట్‌కేసులున్నయి బిడ్డా. ఫోటోలోళ్లకేంది, గా చేను దిక్కు పోండ్రి."

చేను దిక్కు చూస్తే పత్తి కట్టె పీకేసిన నేల. చాటు అన్నది లేదు. గట్టు మీద మగవాళ్లు పేకాడుతున్నారు. జ్యోతిర్మయి "సరే అమ్మా" అని వెనక్కి వచ్చి లెన్స్ మార్చుకుంది.

ఆరేళ్లుగా ఆమె అంటున్న మాట అదే. సరే అమ్మా.

జ్యోతిర్మయి ఇల్లు పట్నంలో, యూనివర్సిటీ పక్కనే ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో. తల్లి భారతమ్మ యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్‌లో వంట చేస్తుంది. డిగ్రీ చదువుతూ అడిక్‌మెట్‌లో ఒక జిరాక్స్ షాపులో పనికి కుదిరిన జ్యోతిర్మయి, హాల్‌టికెట్ల కోసం వచ్చే విద్యార్థులకు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు తీసేది. అక్కడే చెయ్యి తిరిగింది. కోఠిలో సెకండ్‌హ్యాండ్ కెమెరా కొనుక్కుని, వారాసిగూడకు చెందిన వీడియోగ్రాఫర్ భానుప్రకాశ్‌తో కలిసి పెళ్లిళ్లకు బయలుదేరింది. పట్నం పెళ్లిళ్లు పెద్ద స్టూడియోలకు పోతాయి. వీళ్లకు మిగిలేవి బస్సు కూడా సరిగా వెళ్లని ఊళ్లు.

రేపు పెళ్లి ఉందంటే ఇవాళ సాయంత్రం నుంచే ఆమె నీళ్లు మానేస్తుంది. కారెక్కిందంటే కుదురుగా కూర్చోలేదు. కిటికీలోంచి పెట్రోల్ బంకులే చూస్తుంది. ఏ బంకులో లేడీస్ గదికి లోపల గడియ ఉంది, ఏ బంకులో దాన్ని స్టోర్‌రూమ్ చేసుకున్నారు, అన్నీ నోటికే చెబుతుంది.

"నువ్వు గూగుల్ మ్యాప్‌ల పని చెయ్యాలె అక్కా," అంటాడు భానుప్రకాశ్.

"నీకేం రా, రోడ్డు పొడుగూతా నీదే," అంటుంది ఆమె.

పోయిన చలికాలం జ్వరం, నడుమునొప్పి, మూత్రంలో మంట. తార్నాకలో డాక్టరమ్మ పరీక్షలు చూసి కోప్పడింది. ఇది మూడోసారి, ఇంకొకసారి ఇట్లా వస్తే కిడ్నీల దాకా పోతుంది, రోజుకు మూడు లీటర్లు తాగితీరాలి అని చెప్పింది. ఇంట్లో ఉన్న రోజు జ్యోతిర్మయి తాగింది. పనికి వెళ్లిన రోజు మళ్లీ మామూలే. పని మానితే ఇల్లు గడవదు, నీళ్లు మానితే ఒళ్లు నిలవదు. ఆ రెండింటి మధ్యా ఆమెకు నిద్ర పట్టేది కాదు.

ఫిబ్రవరిలో క్యాంపస్‌లో ఒక ప్రీవెడ్డింగ్ షూట్ చేసింది. పెళ్లికూతురు మౌనిక తార్నాక పిల్ల. తండ్రి సుబ్బరాయుడు యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంట్, కడప జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. రాతిమెట్ల మీద రెండు గంటలు నిలబడ్డాక మౌనిక దగ్గరికొచ్చి చెవిలో అడిగింది.

"అక్కా, ఇంక ఆపుకోలేను. నువ్వెక్కడికి పోతావు?"

"నేను పోను. నీళ్లు తాగను."

మౌనిక నవ్వబోయి ఆగిపోయింది. జ్యోతిర్మయి ఆమెను తల్లి పనిచేసే హాస్టల్‌కు తీసుకెళ్లింది. భారతమ్మ మెస్ వెనక తలుపు తీసి, కూతురి మీద విరుచుకుపడింది.

"పెళ్లిపిల్లను గూడ నీ లెక్కనే చేస్తవా? జర నువ్వన్న చెప్పు బిడ్డా దీనికి. మూడు లీటర్లు తాగుమన్నది డాక్టరమ్మ. పనికి పోతే గుటక మింగది!"

"మా పెళ్లికొచ్చినప్పుడు మాత్రం తాగాల్సిందే అక్కా," అంది మౌనిక. "పెళ్లి మా ఊర్లోనే. ఆ ఇంట్లో రెండు బాత్రూములున్నాయి."

జ్యోతిర్మయి నమ్మింది.

పెళ్లి కడప జిల్లాలో, ముద్దనూరు దాటి లోపలికి ఉన్న ఊళ్లో. పొద్దున పది ఇరవైకి ముహూర్తం. తొమ్మిదిన్నరకే జ్యోతిర్మయి రెండు సీసాలు ఖాళీ చేసింది. అప్పుడు చూస్తే ఒక బాత్రూమ్ ముందు మగపెళ్లివాళ్లు తువ్వాళ్లు భుజాన వేసుకుని వరసకట్టి ఉన్నారు. రెండోదానికి తాళం. తాళంచెవి మౌనిక తల్లి రాజేశ్వరి బొడ్లో ఉంది.

"యాడ తీసేదమ్మా ఇప్పుడు?" అంది రాజేశ్వరి. "అన్నీ వెండి సామాన్లే ఉండాయి లోపల. తాళి కట్టినాక చూస్తాం, రవంత ఓర్చుకో."

ఆ మాట జ్యోతిర్మయికి గుచ్చుకుంది. గంట క్రితమే పెళ్లికూతురి నగలన్నీ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని ఫోటో తీసింది ఆమే. అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?

మండపం దగ్గరికి వచ్చింది. ఒక కాలి మీద నిలబడి, ఇంకో కాలికి మారి, కెమెరా ఎత్తి, దించి. పొత్తికడుపులో కత్తి పెట్టి తిప్పుతున్నట్టుంది.

"గింతసేపు పట్టుకున్నవ్ గదక్కా, ఇంకో అరగంట," అన్నాడు భానుప్రకాశ్.

పెళ్లిలో ఫోటోగ్రాఫర్ మాటకు ఎదురు లేదు. ఇటు తిరగమంటే తిరుగుతారు, జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టమంటే పెడతారు. మంత్రం మధ్యలో పంతులుగారు కూడా ఆగుతారు. ఆరేళ్లుగా ఆ అధికారం ఆమె చేతిలోనే ఉంది. ఫోటో కోసం తప్ప ఎన్నడూ వాడలేదు.

చెయ్యెత్తింది. "పంతులుగారూ, ఒక్క నిమిషం ఆగండి."

పురోహితుడు సోమయాజులు ఆగాడు. అందరూ కొంగులు సర్దుకుని కెమెరా వైపు నవ్వు మొహాలు పెట్టారు. ఆమె కెమెరా దించింది.

"ఫోటో కోసం కాదు. నేను బాత్రూమ్‌కు పోవాలె. తాళం తీయుండ్రి."

ఎవరో కిసుక్కుమన్నారు. సుబ్బరాయుడు మొహం జేవురించింది.

"ఏం పిల్లవమ్మా నువ్వు! ఇంతమందిలో అడిగే మాటేనా అది?"

"ఒక్కదాన్నే పోయి అడిగిన సార్. ఇయ్యలేదు."

పీటల మీద నుంచి మౌనిక తల్లి వైపు చూసింది. "తాళం ఇయ్యి మా. నేనే తాగమన్నా."

సోమయాజులు ఫోన్లో టైము చూశాడు. "ఇంకా పద్నాలుగు నిమిషాలుంది. పోయి రామ్మా."

జ్యోతిర్మయి బయటికి వచ్చేసరికి ఆ తలుపు ముందు నలుగురు నిలబడి ఉన్నారు. వంటకు వచ్చిన ఇద్దరు, పూలజడ వేయడానికి వచ్చిన అమ్మాయి, చివర్న పెళ్లికూతురి సొంత పిన్ని. పిన్ని "తెల్లారుజామున నాలుగుకు పోయినా, మళ్లీ ఇప్పుడే," అని గొణిగింది. తాళి టైముకే పడింది. ఫోటోలూ బాగా వచ్చాయి.

కానీ సుబ్బరాయుడికి తెలిసినవాళ్లు తార్నాకలో రెండు ఫంక్షన్లు వెనక్కి తీసుకున్నారు. ఆ పిల్లకు నోరెక్కువట. "బాత్రూమ్ దొరికింది, బుకింగులు పోయినయి," అని భానుప్రకాశ్ దెప్పుతూనే ఉన్నాడు. ఇప్పుడు ఆమె ఫోన్లో అడిగే మొదటి ప్రశ్న బాత్రూమ్ గురించే. కొందరు ఫోన్ పెట్టేస్తారు. కొందరు "చూద్దాం" అంటారు. వచ్చేవారం ములుగు వైపు వెళ్లాలి. వాళ్లూ "చూద్దాం" అన్నారు. సీసా నింపుకోవాలా వద్దా అని జ్యోతిర్మయి ఇంకా తేల్చుకోలేదు.

మీ ఇంట్లో పెళ్లుంటే భోజనాల లెక్క రాసుకునేటప్పుడు ఇది కూడా రాసుకోండి. ఆ రోజు మీ ఇంటికి పనికి వచ్చే ఆడవాళ్లు ఎందరు? వాళ్లకోసం ఒక బాత్రూమ్ తెరిచి ఉంచండి. గడియ పడేలా చూడండి, నీళ్లు పెట్టించండి. ఇంట్లో లేకపోతే పక్కింటివాళ్లతో ముందే మాట్లాడండి. వాళ్లు గడపలో అడుగుపెట్టగానే, అడిగేదాకా ఆగకుండా, మీరే చూపించండి. అతిథులుగా వెళ్లినవాళ్లు కూడా ఒకసారి ఆ తలుపు దాకా వెళ్లి చూడండి. తాళం కనబడితే, తియ్యమని గట్టిగా అడగండి.