లారీ అమ్మిన డబ్బూ, కవర్డ్ కాల్ ఫండూ

2021 నవంబరు. నందిగామలో ఒక మేడ మీద నా ఆఫీసు. ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌గా అప్పటికి నాకు పద్నాలుగేళ్ల అనుభవం. ఆయాసపడుతూ మెట్లెక్కి కోటేశ్వరమ్మ గారు వచ్చారు. భర్త పోయాక ఆయన లారీకి డ్రైవర్‌ని పెట్టి, ముక్త్యాల నుంచి సిమెంటు తోలించి, ఇద్దరు కూతుళ్లను చదివించిన మనిషి. మోకాళ్లు సహకరించక, లారీ పనుల మీద తిరగలేక దాన్ని అమ్మేశారు. ఆ డబ్బే ఆవిడకున్న ఆస్తి.

ఫోన్‌లో ఒక వీడియో చూపించారు. "అమెరికాలో ఏదో ఫండంట బాబూ, నెలనెలా డబ్బులు పడతాయంట. మా మరిది మొత్తం అందులోనే పెట్టమంటున్నాడు. పెట్టేయండి."

అది కవర్డ్ కాల్ ఈటీఎఫ్. ఈటీఎఫ్ అంటే షేర్ల బుట్ట. దాన్ని షేరులాగే మార్కెట్లో కొనొచ్చు. తన దగ్గరున్న షేర్లను ఫలానా ధరకు కొనుక్కునే హక్కును ఇలాంటి ఫండు ఇంకొకరికి అమ్ముతుంది. అలా వచ్చే ప్రీమియం సొమ్మునే మదుపుదారులకు పంచుతుంది. మొత్తం పెట్టిస్తే నాకొచ్చే ఫీజూ ఎక్కువే. కానీ అర్థం కాకుండా ఆవిడ చేత సంతకం పెట్టించబుద్ధి కాలేదు. గ్రాఫులు చూపించాను. ఆవిడ చూపు కిటికీ వైపు పోయింది.

లాప్‌టాప్ మూసేశాను. "అమ్మా, మీకు లారీ ఉన్నప్పుడు ఒకాయన వచ్చి, 'నెలలోగా ఇరవై లక్షలకు కొనే హక్కు నాకివ్వండి. అందుకు పదివేలిస్తా. నేను కొన్నా, కొనకపోయినా అవి మీవే' అన్నాడనుకోండి."

"ఈలోపు లారీ రేటు పాతిక లక్షలైతే?"

"ఇరవైకే ఇచ్చెయ్యాలి."

"పదిహేనుకి పడిపోతే?"

"ఆయన కొనడు. ఆ నష్టం మీదే. పదివేలు మాత్రం మిగులుతాయి."

"అంటే పెరిగింది నాది కాదు, తరిగితే మాత్రం నాదే. మధ్యలో ఆ పదివేలు. దానికోసం ఉన్నదంతా పెడతానా బాబూ?"

అన్నేళ్లలో నేనెప్పుడూ అంత సూటిగా చెప్పలేకపోయాను. నాలుగో వంతు మాత్రం ఆ ఫండులో, మిగతాది బ్యాంకు డిపాజిట్లలో పెట్టాం. మరిది రెండు నెలలు ఆవిడతో మాట్లాడలేదట.

మరుసటి ఏడాది అమెరికా మార్కెట్ పడింది. ఫండు విలువా తగ్గింది. భయపడుతూ నేనే ఫోన్ చేశాను.

"అనుకున్నదేగా బాబూ. డిపాజిట్ వడ్డీతో ఇల్లు గడిచిపోద్ది. ఫండుని కదిలించొద్దు" అన్నారు. ఆ పైన మార్కెట్ గట్టిగా పెరిగింది, ఆవిడ ఫండు అంతగా పెరగలేదు. అప్పుడూ నన్ను ఏమీ అనలేదు.

మొన్నామధ్య జగ్గయ్యపేట నుంచి ఒక రిటైర్డ్ టీచర్‌ని వెంటబెట్టుకొచ్చారు. కవర్డ్ కాల్ అంటే ఏమిటో ఆయనకు ఆవిడే వివరించారు. ఒక్క తప్పు లేదు. నేను పక్కన కూర్చుని విన్నాను. నా వృత్తిలో అంత గర్వపడ్డ రోజు మరొకటి లేదు.

ఆవిడ వల్ల నాకొక పద్ధతి అలవాటైంది. సంతకానికి ముందు ఎవరినైనా, "ఏం కొంటున్నారో మీ మాటల్లో చెప్పండి" అని అడుగుతాను. చెప్పలేకపోతే ఫారం పక్కన పెట్టి, టీ తెప్పించి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాను.