పని రాని చెయ్యి

మినేకో అచ్చు వేసిన బొమ్మల్లో మినేకో ఎక్కడా కనబడదు. నలభై ఒక్క ఏళ్లుగా ఆమె పనితనమంతా అదే. చెక్కిన పలకకు రంగు పూసి, దాని మీద తడి కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన గుండ్రటి బారెన్‌తో వెనక నుంచి రుద్దితే ఆకాశం ఆకాశంలాగే దిగాలి. రుద్దిన చార ఒక్కటి కనబడినా ఆ కాగితం చెత్తలోకే. గురువు కుసుమి గారికి ముక్కు మీదే ఉండేది కోపం. "బొమ్మలో నీ చెయ్యి కనబడిందంటే నీకు పని రానట్టే" అని, చారలు పడ్డ కాగితాన్ని అందరూ చూసేలా కిటికీకి అంటించేవాడు. రెండేళ్లు గడిచేసరికి అంటించడానికి పాపం ఆయనకి కాగితమే దొరకలేదు.

క్యోటో ఊరికి ఉత్తరాన, రెండు మగ్గాల ఇళ్ల మధ్య ఇరుక్కున్న ఇరుకు గది ఆమెది. వానాకాలం వచ్చిందంటే ఆ గదిలో లోకమంతా మెత్తబడిపోయేది. పక్కింటి మగ్గం, చూరు నీళ్లు, బారెన్, మూడింటి చప్పుడూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, తను రుద్దుతోందో, ఎవరో రుద్దుతున్నట్టు కలగంటోందో ఆమెకే తెలిసేది కాదు. మధ్యాహ్నం చల్లన్నం మీద వేడి టీ పోసుకు తిని, మళ్లీ ఆ మగతలోకే వెళ్లిపోయేది.

అలాంటి జూన్‌లో ఒకరోజు తమాకి వచ్చింది. ముప్పై దాటని చిత్రకారిణి. ఆమె పలక మీద చెక్కించి తెచ్చిన బొమ్మలో తెల్లవారుజామున బివా సరస్సు. అంతే. పడవ లేదు, కొండ లేదు, పిట్టయినా లేదు. ఒట్టి లేత నీలం.

"నీళ్ల మీద పొగమంచు ఉండాలి మినేకో గారూ. అది నేను గియ్యలేదు. మీరు రుద్దిన చారలే మంచు."

"ఎలా రుద్దాలో నాకు చెప్తున్నావా అమ్మాయ్? తాతకు దగ్గులు నేర్పినట్టుంది! ఆ చారలు పడకూడదనే కదా జన్మంతా ధారపోశాను."

"ఒక్క యాభై కాగితాలండీ. పడనివ్వండి."

పడనివ్వడం ఎంతసేపు అనుకుంది మినేకో. మొదటి రోజు పన్నెండు కాగితాలు వేస్తే పన్నెండూ అద్దాల్లా వచ్చాయి. రెండో రోజు పట్టుబట్టి చారలు పెట్టింది. తమాకి ఒక్కొక్కటీ వెలుగుకి ఎత్తి చూసి, మొహమాటపడుతూ అంది: "ఇవి పడ్డవి కాదండీ, పెట్టినవి. కుంటివాణ్ణి చూసి కుంటినట్టున్నాయి."

"నోరు బానే ఉందే నీకు!"

మూడో రోజూ అదే తంతు. వెళ్తూ వెళ్తూ తమాకి గుమ్మంలో ఆగింది. "ఒసాకాలో ఒకావిడ ఉంది. ఈ పనిలో చేరి ఏడాదే. శుక్రవారం దాకా చూసి, రాకపోతే ఆవిడకిస్తాను. మీరేం అనుకోకండి."

అనుకోకపోవడమేమిటి! నిన్నగాక మొన్న చేరిన మనిషి దగ్గర ఉన్నదేదో తన దగ్గర లేదు. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు, తనే ఏళ్ల తరబడి చెరిపేసుకుంది. మినేకోకి ఏడుపొచ్చింది. ఈ ఒక్క పని చెయ్యలేకపోతే, ఇన్నేళ్లూ ఈ గదిలో కూర్చున్న మనిషి ఎవరో తనకెప్పటికీ తెలియదనిపించింది.

శుక్రవారం పొద్దున్నే పలకకు నీలం పూసి కాగితం పరిచిందో లేదో, కుడి భుజం పట్టేసింది. చెయ్యి లేవదు. రంగు ఆగదు, చూస్తుండగానే ఆరిపోతుంది. ఆలోచించే వ్యవధి లేక ఎడమ చేత్తో బారెన్ అందుకుని రుద్దేసింది.

కాగితం ఎత్తి చూస్తే నీళ్ల మీద మంచు ఉంది. ఒకచోట దట్టంగా, ఒకచోట పల్చగా, ఒడ్డు వెతుక్కుంటూ తడబడుతోంది.

అసలు మినేకోది పుట్టుకతో పుర్రచెయ్యి. అన్నం తినే పుల్లలు పట్టే వయసులోనే తల్లి మాన్పించింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు గానీ, పోయిందనే అందరూ అనుకున్నారు. ఆ చేతికి ఎవరూ ఏ పనీ నేర్పలేదు.

పదింటికి తమాకి గొడుగు మూసుకుంటూ లోపలికొచ్చి, కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.

"ఎవరు వేశారండీ?"

"నేనే," అంది మినేకో. కళ్లనీళ్లు ఆగలేదు. "అరవై మూడేళ్లొచ్చాయి తల్లీ, నా చెయ్యి ఎలా ఉంటుందో ఇప్పుడే చూస్తున్నా."

తర్వాతి వారమంతా కలలోలాగే గడిచింది. ఏ రెండు కాగితాల మంచూ ఒకలా లేదు. ఒకదాంట్లో గాలి వీచింది, ఇంకోదాంట్లో నిలబడిపోయింది. రోజూ ఓ ఏడెనిమిది. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, పని చేస్తూ కూనిరాగం తీసింది.

ముప్పై మూడో కాగితం దగ్గర మంచు కొంచెం పలచబడింది. వాన వల్లేమో అనుకుంది. ముప్పై ఏడో దాంట్లో ఒక మూల నున్నగా తేలింది. బారెన్ వదులుగా పట్టింది, మొండిగా రుద్దింది, కళ్లు మూసుకుని కూడా చూసింది. ముప్పై ఎనిమిదో దాంట్లో ఏదో కాస్త మిగిలింది. ముప్పై తొమ్మిదోది ఎత్తి చూసింది. ఒక్క చార లేదు. కుసుమి గారుంటే మెచ్చుకునేవాడు.

తర్వాతి కాగితానికి పలక మీద నీలం పూసే ఉంది. మినేకో బారెన్ కింద పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది. పూసిన రంగు ఆరిపోతుంటే చూస్తూ కూర్చోవడం ఆమె ఎరగదు. అలాగే కూర్చుంది.

"ఏమైందండీ? ఇంకా పన్నెండున్నాయి కదా," అంది పక్కన కూర్చుని పనికొచ్చిన కాగితాలు లెక్కపెడుతున్న తమాకి.

"ముప్పై ఎనిమిదే అని రాసుకో."

"నొప్పెడుతోందా? పోనీ రేపు చేద్దాం."

"నొప్పి కాదే పిచ్చిదానా," మినేకో ఎడమ చేతిని కుడి చేత్తో గట్టిగా పట్టుకుంది. "దీనికి పని వచ్చేస్తోంది. ఇక నేర్పను."