మంగవ్వ కొన్న జంఖానా

ఆర్మూరు పసుపు మార్కెట్లో హమాలీ పనిచేసే ముత్తెన్న మీద బస్తాల దొంతర కూలింది, తొంభై ఒకటి ఎండాకాలంలో. ప్రాణం దక్కింది. నిజామాబాద్ దవాఖానలో కొన్నాళ్లుండి, చేతికర్ర పట్టుకుని ఇంటికొచ్చాడు. పాదాలు తిమ్మిరిగా ఉన్నాయంటే మెల్లగా తగ్గుతుందన్నారు డాక్టర్లు. భార్య మంగవ్వ ఆ మాట పట్టుకునే బతికింది.

ఆమె బీడీలు చుట్టేది. ఇంట్లో కింద షాబాదు బండలు. చలికాలం వచ్చేసరికి వాటి మీద చెయ్యి పెడితే జిల్లుమనేది. రోజంతా గోడకానుకుని కూర్చుని కూర్చుని ముత్తెన్న తుంటి ఒరుసుకుపోయి పుండు పడింది. ఈతచాప వేస్తే గుచ్చుకుంటోందన్నాడు. కింద పరవడానికి మందపాటి నూలు జంఖానా ఒకటి కొనాలనుకుంది మంగవ్వ. రంగు కూడా బాగుండాలనుకుంది. ఆ ఇంట్లో కంటికి ఇంపైన వస్తువంటూ ఏదీ లేదు.

"నేనెందుకు? నీకు నచ్చింది తే," అన్నాడు ముత్తెన్న.

"కూసునేది నువ్వు. నువ్వే చూడాలె," అని రిక్షా ఎక్కించింది.

దుకాణం యజమాని దేవిదాస్ జంఖానాలు విప్పి వరసగా పరిచాడు. మంగవ్వ ఒక్కొక్కటీ వేళ్లతో నొక్కి చూసింది. నీలిది పలచన. పచ్చది మందమే గానీ ముతక. ఎర్రచారలదాని మీద చెయ్యి పెట్టాక తీయబుద్ధి కాలేదు. అయినా ఎర్రదే బాగుందన్న మాట భర్త నోట వినాలనిపించింది.

"జర నిలవడి చూడయ్యా. గా పచ్చది మంచిగుందా, గీ ఎర్రది మంచిగుందా?"

దేవిదాస్ అతని రెక్క పట్టుకున్నాడు. ముత్తెన్న పచ్చదాని మీద నిలబడ్డాడు. తర్వాత కర్ర ఊతంతో ఎర్రదాని వైపు జరిగి ఆగాడు. భార్య ముఖం వైపే చూస్తున్నాడు.

"గిదే మంచిగుంది. మస్తు మెత్తగుంది," అన్నాడు.

మంగవ్వ కిందికి చూసింది. అతని రెండు పాదాలూ ఎర్రదాని అంచుకు ఇవతల, వట్టి గచ్చు మీద ఉన్నాయి.

దేవిదాస్ కూడా చూశాడు.

"గిట్ల ఎప్పటిసంది?" గొంతు తగ్గించి అడిగింది మంగవ్వ.

ముత్తెన్న అప్పుడు తన కాళ్లు చూసుకున్నాడు. "తిమ్మిరి మోకాళ్లు దాటింది," అన్నాడు. "తగ్గుతది తగ్గుతదని నువ్వంటుంటివి. ఎట్ల చెప్పాలె నీకు?"

ఎర్రదే కొన్నారు. దారంతా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది మంగవ్వ. ఇంట్లో పరిచి, అతన్ని కూర్చోబెట్టి, పాదం నుంచి పైకి నొక్కుకుంటూ పోయింది. తొడ సగం దాకా వచ్చినా అతను ఉలకలేదు. ఇక నొక్కడం మానేసింది.

మార్కెట్‌కు కొత్త పసుపు వచ్చేనాటికి కర్ర కూడా పనికిరాకుండా పోయింది. పొద్దుటి ఎండ తగలాలని మంగవ్వ, పక్కింటి లసుమవ్వ జంఖానాకు చెరో కొసా పట్టి అతన్ని గడప దాకా లాగేవాళ్లు. బండల మీద అది సులువుగానే జారేది. వీధిన పోయే హమాలీలు "ఏం ముత్తెన్నా, మంచిగున్నవా?" అని పలకరించేవాళ్లు. మొదట్లో చెయ్యి ఊపేవాడు. తర్వాత ముఖం తిప్పుకునేవాడు. ఒకరోజు మంగవ్వ కొస అందుకోగానే ఆమె చెయ్యి పట్టి ఆపాడు.

"ఇగ లాగకు," అన్నాడు. "నాకు ఎండ వద్దు. ఏం వద్దు."

లసుమవ్వ తన కొస వదిలి వెళ్లిపోయింది. మంగవ్వ తలుపు దగ్గరగా వేసి అతని పక్కన కూలబడింది.

ముత్తెన్న ఇంకో రెండేళ్లు బతికాడు. గడప దాకా మళ్లీ రాలేదు.