పన్నెండు బారల తాడు

అయినా మీరే చెప్పండి, చీకటిపడ్డాక మందను కొండ మీద వదిలేసి కాపరులందరూ కట్టగట్టుకుని పోతారా? ఏసయ్య పుట్టిన కథలో ఓబమ్మకు నమ్మబుద్ధి కానిది ఇదొక్కటే. కన్యకు బిడ్డ పుట్టాడంటే సరే అంది. చుక్క దారి చూపించిందంటే సరే అంది. గొర్రెల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒప్పుకోలేదు.

"దేవదూత చెప్పినాడు కదా ఓబమ్మా, అందుకే పోయినారు" అంది హేమలత టీచరు.

"దేవదూత చెప్తే మనుషులు వింటారు మేడమ్. తోడేలు వింటాదా? ఎవడో ఒకడు ఆడ్నే ఉండిపోయింటాడు. వాని పేరు రాసేది మర్చిపోయినారు."

ఇది 1998 నాటి మాట. రాప్తాడు దాటాక రోడ్డు పక్కన, చూపు లేని పిల్లలకు, వినపడని పిల్లలకు మిషన్ వాళ్ళ చిన్న హాస్టలు ఒకటి ఉండేది. హేమలత పాఠాలు చెప్పేది. ఓబమ్మ వంట చేసి, పిల్లలకు నీళ్ళు పోసేది. ఆమె ఏసయ్యను మొక్కే మనిషి కాదు. గొర్రెలు కాసుకునే ఇంటి ఆడపడుచు. మొగుడు మందను తోలుకుని దక్షిణానికి మేపుకు పోయి, పాము కరిచి అక్కడే పోయాడు. పిల్లలు లేరు. తల్లికి చివరి ఆరేళ్ళూ చూపు లేదు. ఊళ్ళో ఏం జరిగినా ఓబమ్మ ఆమె చేతికి తెచ్చి ఇచ్చేది. పెళ్ళి జరిగితే తలంబ్రాల బియ్యం, వాన పడితే గుప్పెడు తడిమట్టి. ఆ ఆరేళ్ళలో తడిమట్టి ఇచ్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అందుకే క్రిస్మస్ కథను టీచరు నోటితో, చేతి సైగలతో చెప్తుంటే, చూపూ వినికిడీ రెండూ లేని పిల్లలు గోడకు ఆనుకుని కూర్చోవడం ఓబమ్మ చూడలేకపోయింది. మరుసటి రోజు తనే మొదలుపెట్టింది. పిల్లల్ని వట్టి కాళ్ళతో గులకరాళ్ళ మీద నడిపించింది. అది మరియమ్మ నడిచిన దారి. సామాన్ల గది తలుపు మూసి, వాళ్ళ అరచేతులతో మూడుసార్లు కొట్టించింది. అది చోటు లేదన్న సత్రం. పశువుల పాకకు గుర్తుగా కాయలు తెంపేసిన ఎండు వేరుశనగ చెట్లు, కట్టె అంటారు, గుప్పెడు చేతుల్లో పెట్టింది. ఈ సీమలో పశువు తినేది అదే కదా. కాపరులకు తన మొగుడి నల్ల కంబళి. బిడ్డకేమో పొయ్యి పక్కన వెచ్చబెట్టిన రాగుల మూట. ఒళ్ళో పెడితే అటూ ఇటూ జారుతూ అచ్చం పురిటిబిడ్డ బరువు ఉండేది. చివర, బిడ్డను చూడొచ్చిన జ్ఞానులు తెచ్చిన కానుకకు గుర్తుగా సాంబ్రాణి పొగ.

"బంగారం తెచ్చినోడు ఎవడో ఏమీ తెలీనోడు మేడమ్. సాంబ్రాణి తెచ్చినాడు చూడు, వాని ఇంట్లో మాత్రం ముసలమ్మ ఉండాది. బిడ్డకు నీళ్ళు పోసినాక ఏం కావల్లో ఆమె చెప్పి పంపింటాది" అనేది.

మరుసటి ఏడు అశ్విని వచ్చింది. కుందుర్పి అవతల పల్లె. తండ్రి మారెప్ప, తల్లి లక్ష్మీదేవి, ఇద్దరూ కూలి పనే. పాపకు ఆరేళ్ళు. కనపడదు, వినపడదు. ఆ క్రిస్మస్‌కు ఓబమ్మ పాప అరచేతులు పట్టుకుని మూసిన తలుపును కొట్టించిందో లేదో, పాప ఒక్క కేక పెట్టి ఆమె మణికట్టు కొరికేసింది. లంగా తడుపుకుంది. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. సెలవులకు తీసుకుపోవడానికి మారెప్ప వచ్చినప్పుడు, పాపకు మూసిన తలుపంటే అంత భయమెందుకని ఓబమ్మ అడిగింది.

"ఇంట్లో పెట్టి బీగమేసి పోతాంటిమి అక్కా" అన్నాడు. "పొద్దున పోతే మాపటికే వచ్చేది."

ఓబమ్మ ఆ కొరికిన మచ్చ చూసుకుంటూ చాలా రోజులు తనను తాను తిట్టుకుంది. తరువాతి ఏడు కథ కొంచెం మార్చింది. పాప మూడోసారి కొట్టగానే తలుపు లోపలినుంచి తెరిచి, చేతుల్లో కట్టె పెట్టింది. ఆ డిసెంబరు అంతా రోజూ అదే చేసింది. తలుపు తరువాత కట్టె, కట్టె తరువాత కంబళి, కంబళి తరువాత బిడ్డ. 2001కి వచ్చేసరికి పాప తనంతట తనే మూడుసార్లు కొట్టి, రెండు చేతులూ చాచి నిలబడింది. కట్టె అందగానే నవ్వింది. పాప నవ్వడం అదే మొదలని హేమలత ఏడ్చింది.

2002 వేసవిలో హాస్టలు మూతపడింది. పైనుంచి సాయం ఆగిపోయిందన్నారు. హేమలత కడపకు పోయింది. పిల్లలు ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. ఆ ఏడు వానా రాలేదు.

డిసెంబరు మొదట్లో ఓబమ్మ కంబళి, కట్టె, సాంబ్రాణి సంచిలో వేసుకుని మూడు బస్సులు మారి అశ్విని వాళ్ళ పల్లెకు పోయింది. మధ్యాహ్నం. ఇంటికి బీగం. కిటికీ చువ్వల్లోంచి కంబళి లోపలికి తోసి, ఎదురుచూసింది. కాసేపటికి లోపల నేల మీద పాకుతున్న చప్పుడు. కంబళి కదిలింది. పాప దాన్ని ముఖానికి అదుముకుని వాసన చూసింది.

తరువాత తలుపు దగ్గరికి పోయింది. లోపలినుంచి మూడుసార్లు కొట్టింది. ఆగింది.

ఓబమ్మ బయట, చేతిలో కట్టె పట్టుకుని నిలబడింది. బీగాన్ని పట్టుకుని లాగింది. రాయి తెచ్చి కొట్టింది. లోపల మళ్ళీ మూడుసార్లు. మళ్ళీ ఆగింది. అలా ఎన్నిసార్లో. అందరూ పెద్దక్క అని పిలిచే ఎదురింటి ముసలామె బయటికి వచ్చి, "ఆ పాప ఎప్పుడూ ఇట్లనేమ్మా, కొడతానే ఉంటాది. ఎందుకో ఏమో" అంది.

ఎందుకో ఓబమ్మకు తెలుసు. అరుగు మీద కూలబడింది.

మాపటికి మారెప్ప వచ్చాడు.

"ఏమప్పా, బిడ్డను దూడను కట్టేసినట్ల కట్టేసి పోతారా?"

"దూడనైతే ఇంత తాడన్నా కట్టి వదుల్తారు కదక్కా. తిట్టు, నీకేం! నువ్వు పోయేదానివి. పోయిన నెల తలుపు తీసి పెట్టి పోయినాము. పాడుబావి కాడ దొరికింది. ఒక చెప్పు బావిలో ఉండాది, ఇంకోటి కాలికి ఉండాది. ఇప్పుడు చెప్పు, నన్నేం చేయమంటావో."

ఓబమ్మ లేచి, చేతులు బారచాపి మారెప్ప గుమ్మం నుంచి పెద్దక్క అరుగు దాకా కొలిచింది. పన్నెండు బారలు.

"తాడే కడతాను మారెప్పా. నీ గుమ్మం నుంచి ఈ అరుగు దాకా. దోవలో ఒక తావ కట్టె, ఇంకో తావ కంబళి ముక్క ముడేస్తా. ఆ వరస పాపకు తెలుసు. పట్టుకుని నేరుగా ఈడికొస్తాది, బావి పక్కకు పోదు. పెద్దక్కా, అరుగు మీద రాగుల మూట పెట్టి, సాంబ్రాణి పొగ వేస్తావా? మూట ఎండకు వెచ్చగా ఉండల్ల."

"రాగుల మూటా నాదే, సాంబ్రాణీ నాదే" అంది పెద్దక్క. "పొద్దంతా కూర్చుని గోడ చూస్తాండా, పాపను చూస్తే పోదా?"

మారెప్ప బీగం చెవి నడుముకు దోపుకున్నాడు. "క్రిస్మస్ పండగ లోపల కట్టు. నువ్వు నాలుగు దినాలు ఉండి నడిపించి చూపీ. పోతాదంటే బీగం నేనే పారేస్తా. నాకేమన్నా సరదానా?"

"అంగట్లో ప్లాస్టిక్ తాడు దొరుకుతాది కదమ్మా" అని పెద్దక్క అంటే, ఓబమ్మ తల అడ్డంగా ఊపింది. అది జారుతుంది, ఎండకు కాలుతుంది, వాసన ఉండదు. కిత్తలి మట్టల నుంచి తీసే కిత్తనార అయితే చేతికి పట్టు.

ఇంటికి వచ్చి, ఉన్న నారతో ఏడు బారలు పేనింది. నాలుగో బార దగ్గర కట్టె ముడేసింది. ఏడో బార దగ్గర కంబళి ముక్క కోసి ముడేసింది. మొగుడి కంబళి కోయడం చూసి చెల్లెలు ఆంజినమ్మ నోరు నొక్కుకుంది. మిగతా నారకు చేను గట్టు మీది కిత్తలి మట్టలు కోస్తుంటే, మట్ట కొన ముల్లు అరచేతి కింద లోతుగా దిగింది. పీకేసి, పసుపు సున్నం పెట్టి, మట్టలు మోసుకొచ్చి తొట్టిలో నానేసింది.

ముల్లు దిగిన తొమ్మిదో నాటికి సంగటి ముద్దకు నోరు తెరుచుకోలేదు. పంటి నొప్పని ఆంజినమ్మ లవంగం ఇచ్చింది. ఆ మాపటికి వీపు విల్లులా వంగింది. అనంతపురం పెద్దాసుపత్రిలో ధనుర్వాతం అన్నారు. ఆ జబ్బుకు వెలుతురు పనికిరాదు, చప్పుడు పనికిరాదు, మనిషి చేయి తగిలినా ఒళ్ళు ఎగిరిపడుతుంది. అందుకని ఒంటరి గదిలో పడుకోబెట్టి, కిటికీకి నల్లగుడ్డ కట్టి, తలుపు మూశారు. ఆంజినమ్మ తలుపు బయట నేల మీద కూర్చుంది. ముట్టుకోకూడదు, పిలవకూడదు. నాలుగు రోజులు కూర్చుంది. అయిదో రోజు పొద్దున డాక్టరే తలుపు తీసి బయటికి వచ్చి, "ఇంక లోపలికి పోవచ్చమ్మా" అన్నాడు.

అశ్విని పల్లెకు ఈ సంగతి చెప్పేవాళ్ళు లేరు. పండగనాడు పెద్దక్క రాగుల మూట అరుగు మీద ఎండలో పెట్టింది. మారెప్ప కూలికి పోయే ముందు బీగం చేతిలో పట్టుకుని దారివైపు కాసేపు చూశాడు.

"వస్తాదిలేప్పా. బస్సు దొరకలేదేమో" అంది పెద్దక్క.

అతను బీగం వేసి పోయాడు. ఎండ ఎక్కేసరికి మూట బాగా వెచ్చబడింది. లోపలినుంచి మూడుసార్లు కొట్టిన చప్పుడు వినిపించింది.

"ఈ తాడే మా అక్కను తినింది" అని తిడుతూనే, పారేయడానికి చేతులు రాక, ఆంజినమ్మ దాన్ని గుడిసెలో కొయ్యకు తగిలించింది. ఏడు బారలు ఉంది. మిగతా అయిదు బారల మట్టలు తొట్టిలో నానుతున్నాయి.