తూకానికి వచ్చిన పిల్లలు

నా ఒక్క మాట మీద ఊరంతా కదిలి వచ్చిన రోజు నా జీవితంలో ఒకటుంది. పెద్ద పెద్ద నాయకులకైనా దక్కని ఆ భాగ్యం, బి.ఏ. అత్తెసరు మార్కులతో గట్టెక్కిన నాకు దక్కింది. దక్కిన మరుక్షణం ఏ బండరాయి వెనుక దాక్కోవాలా అని చూసుకున్నాను. కొత్తగూడలో బండరాళ్లకు కొదవ లేదు కనుక బతికిపోయాను.

మా వారికి బాలానగర్‌లో ఒక కార్ఖానాలో ఉద్యోగం. అక్కడ ఇల్లు దొరక్క కొత్తగూడలో రెండు గదులు కిరాయికి తీసుకుని, కృష్ణా జిల్లాలో ఉన్న నన్నూ, చంటివాడు బాబినీ తెచ్చి ఆ గుట్టల మధ్య దించారు. చుట్టూ రాళ్లు, సీతాఫలం పొదలు, గొర్రెలు. మనుషులు కూడా ఉన్నారు గానీ, గొర్రెలే ఎక్కువ. ఈ ముక్క గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది. నేను గుర్తుంచుకోలేదు, అదే నా ఖర్మ.

నేనేమో భయాల పుట్టను. బాబి ఏడిస్తే ఏమైందోనని భయం, ఏడవకపోతే మరీ భయం. నిద్రపోతున్న వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. వాడు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాడు. అప్పుడు మళ్లీ మొదటి భయం మొదలు. అన్నిటికీ మించిన భయం, వాడు బరువు పెరగడం లేదని. చూపించాలంటే దవాఖానకు పట్నం దాకా పోవాలి.

అలాంటి రోజుల్లో బ్లాకు ఆఫీసు నుంచి గ్రామసేవిక సుగుణమ్మ మా గుమ్మంలోకి వచ్చింది.

"చదువుకున్నదానివట గదా అమ్మా! ఈ ఊర్ల బాలవాడి పెడదామని ఉన్నది. వారం వారం నర్సమ్మ వస్తది, పిల్లలను చూస్తది. బలం లేనోళ్లకు పాలపొడి ఇస్తరు. బీమారి ముదిరినంక ఉరుకుడు గాదు, ముందుగాల్నే పట్టుకోవాలె. కాని ముందుగాల ఈ శుక్రవారం నేను తూకమేసి చూస్త, తల్లులు పిల్లలను తేవాలె. ఎవ్వరు రాకుంటె నర్సమ్మ పక్కూరు రాయదుర్గం పోతది, ఇగ ఇటు రాదు."

నర్సమ్మ రాయదుర్గం పోతే మా బాబిని ఇంకెవరు చూస్తారు?

"ఊరంతా వచ్చేట్టు చేసే పూచీ నాదండీ!" అన్నాను.

ఆ సాయంత్రం డప్పు చాటింపుకు మాటలు నేనే కూర్చాను. మన కోస్తా మాటలు ఇక్కడివారికి అర్థమవుతాయో కావోనని, చెవిన పడ్డ ఈ ప్రాంతపు మాటలన్నీ ఏరి గుచ్చాను. గుచ్చి, గర్వంగా మా వారికి వినిపించాను.

"‘పిల్లలను తోలుకొని రావాలె’నా? తోలుకు రావడమంటే గొడ్లను కదూ?" అన్నారాయన.

"అది మనవైపండీ. ఇక్కడ మనుషుల్ని కూడా తోలుకొస్తారు. పక్కింటి మల్లవ్వ నిన్ననే కోడల్ని పుట్టింటి నుంచి తోలుకొచ్చానంది."

"మరి పిల్లలంటే?"

"పిల్లలంటే పిల్లలే! మీరు భోంచేయండి."

ఆయన బుద్ధిగా భోంచేశారు. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథే లేదు.

మర్నాడు డప్పు మోగింది. "పిల్లలున్నోళ్లందరు రేపు పొద్దుగాల పిల్లలను చావడి కాడికి తోలుకొని రావాలెహో! తూకమేస్తరు, బలం మందు ఇస్తరు, పైసలు తీసుకోరహో!" వింటుంటే నాకు ఒళ్లు పులకరించింది. పశువుల డాక్టరు కోసం ఊరు నెల రోజులుగా ఎదురుచూస్తోందని నాకెవరు చెప్పారు?

శుక్రవారం పొద్దున చావడి ముందు వేపకొమ్మకు సుగుణమ్మ ముల్లున్న తూకపు కాటా వేలాడదీసి, దానికి గుడ్డ జోలె కట్టింది. నేను బాబిని చంకనేసుకుని, రాయదుర్గం దారి వైపు చూస్తే ఎక్కడ అపశకునమోనని ఊరివైపే చూస్తున్నాను.

మొదట దుమ్ము లేచింది. తరువాత ‘మే’ అన్న కేక. ఆ తరువాత సందు నిండుగా, గోడల అంచులు ఒరుసుకుంటూ, కోటను ముట్టడించే సైన్యంలా గొర్రెపిల్లలు! వెనుక కర్రలతో కొత్తగూడ జనం. ఒక్కరి చేతిలోనూ మనిషిపిల్ల కనబడలేదు.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను బాలవాడి చేయబోతే గొర్రెలవాడి అయింది.

"ఏందమ్మా ఇది?" సుగుణమ్మ నడుం మీద చేతులు వేసుకుంది. "బాలవాడి పెడ్దామంటె గొర్రెల సంత పెట్టినవ్?"

"నేను పిల్లల్ని రమ్మన్నానండీ..."

"వచ్చినయి గద!" అంది ముందు వరసలో ఉన్న మల్లవ్వ. "సూది మందు డాక్టరేడి?"

"గొర్రెపిల్లలు కాదు మల్లవ్వా! మీ ఇళ్లలోని పిల్లలు, చంటిపిల్లలు!"

జనం ఒక్కసారిగా గుసగుసలు మొదలుపెట్టారు. మల్లవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"పోరగాండ్లను తూకమేస్తరా? తూకమేసేది అమ్మేటందుకు బిడ్డా! కన్నపిల్లలను ఎవరన్న తూకానికి పెడ్తరా? దిష్టి తాకదా?"

"అదంతా మూఢనమ్మకం!" అన్నాను నేను, బి.ఏ. పట్టా అంత గొంతుతో. ఒక గొర్రెపిల్ల నా చీర కొంగు నమలడం మొదలుపెట్టింది.

సుగుణమ్మ జోలె విప్పబోయింది. "ఇగ పోత. రాయదుర్గపోళ్లకు చెప్త."

"జర ఆగు!" అంది మల్లవ్వ. "ఇంత దూరం తోలుకొస్తి. నా పిల్ల తూకమన్న చెప్పిపో."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టని మనవాళ్లు ఊరికే అనలేదు. మల్లవ్వ చేతిలో గొర్రెపిల్ల, చంకలో మూడేళ్ల మనుమరాలు యాదమ్మ! తల్లి బండలు కొట్టే పనికి పోతే ఆ పిల్ల రోజంతా నాయనమ్మ చంకలోనే. ఊరంతా చూసి చూసి, చంకలో ఉన్నదాన్ని చూడడం మానేసింది. పక్కింట్లో ఉండి నేనూ అంతే, నా కళ్లు బాబి మీదే.

జోలెలో వేయగానే గొర్రెపిల్ల గిలగిలా తన్నుకుని సుగుణమ్మ జడలోని కనకాంబరాలు కొరికింది.

"అది మా యాదిని ఇడిశి ఉండదు," అంది మల్లవ్వ, మనుమరాలిని కూడా జోలెలో కూర్చోబెడుతూ. యాదమ్మ దాని మెడ వాటేసుకుంది. రెండూ గప్‌చుప్‌. సుగుణమ్మ ముల్లు చూసింది. తరువాత యాదమ్మను దించి, దాని చేత గొర్రెపిల్ల చెవి పట్టించి, ఈసారి గొర్రెపిల్ల తూకం ఒక్కటే చూసింది. వేళ్ల మీద లెక్క వేసింది. ఆమె ముఖంలో కోపం పోయింది.

"పిల్ల బాగున్నదా?" అడిగింది మల్లవ్వ.

"పిల్ల బాగున్నది అవ్వా. పిల్లనే బాగలేదు."

"ఏ పిల్ల?"

"నీ మనుమరాలు. దాని కంటె గొర్రెపిల్లనే ఎక్కువ తూగుతున్నది."

మల్లవ్వ యాదమ్మ జబ్బను రెండు వేళ్లతో పట్టి చూసింది. వేళ్లు కలిసిపోయి, ఇంకా చోటు మిగిలింది.

"దాని అయ్య గూడ సన్నగనే ఉండె... గట్లనే అనుకున్న," అంది మెల్లగా.

"ముందుగాల్నే తెలిసింది గద, ఫికర్ చెయ్యకు. పాలపొడి తాపుదాం, నర్సమ్మ చూస్తది. కాని ఒక్క పిల్ల కోసం నర్సమ్మను పంపరవ్వా."

మల్లవ్వ జనం వైపు తిరిగింది. "ఓ లచ్చవ్వా! ఓ పోశవ్వా! పోరగాండ్లను తీస్కరాండ్రే!"

"తూకమేస్తె దిష్టి తాకదా అత్తా?" అడిగింది లచ్చవ్వ.

"పోరగాండ్లను ఎవలు తూకమేస్తుండ్రు? తూగేది నా గొర్రెపిల్ల! పోరగాడు ఊకె దాన్ని పట్టుకొని కూసుంటడు!"

న్యాయస్థానంలో కూడా ఈ వాదన నెగ్గేది. మధ్యాహ్నానికి చావడి ముందు పిల్లలు బారులు తీరారు. ఈసారి రెండు కాళ్లవాళ్లే. ప్రతి ఒడిలోనూ అదే గొర్రెపిల్ల. సుగుణమ్మ ప్రతిసారీ దాని బరువు తీసేస్తూ కూర్చుంది. నడుమ అది జోలెను రెండుసార్లు తడిపింది. లెక్కల్లో తేడా ఏమైనా ఉంటే ఆ పాపం దానిదే.

"ఇగ నీ కొడుకు వంతు. పండుకోబెట్టు," అంది సుగుణమ్మ.

జోలె ముందు నిలబడ్డాను. ముల్లు ఏం చెబుతుందో! ఊరి కళ్లన్నీ బాబి మీదే.

"సుగుణమ్మగారూ... ఆ గొర్రెపిల్లను కూడా..."

"ఏంది?"

"పక్కన పెడతారా? ఊరికే. తోడుకు."

ఆ నవ్వు బాలానగర్ కార్ఖానాలో మా వారికి కూడా వినబడి ఉంటుంది. మల్లవ్వ నవ్వుతూనే గొర్రెపిల్లను తెచ్చి బాబి పక్కన కుదురుగా పడుకోబెట్టింది. సుగుణమ్మ మళ్లీ వేళ్ల మీద లెక్క వేసింది.

"నీ కొడుకు మంచిగున్నడు. నిద్ర లేక నువ్వే సగమైనవ్."

నర్సమ్మ రాయదుర్గం పోలేదు. యాదమ్మ ఇప్పుడు మల్లవ్వ చంకలో పట్టదు. గొర్రెలను అదిలిస్తూ మా గోడ మీద నుంచి దూకుతుంది. ఈ రాత్రి మా రెండోది పక్కలో నిద్రపోతోంది. నేను దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ ఇది రాస్తున్నాను.

కనుక, వేపకొమ్మ సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఎన్ని కాళ్లవో చెప్పకుండా ‘పిల్లలు’ అన్న మాట ఈ జన్మలో వాడను. నా కన్నబిడ్డ తూకానికి గొర్రెపిల్లను తోడు అడగను. మొదటి ఒట్టు ఇప్పటి నుంచే అమలు. రెండోది ఎల్లుండి నుంచి.

రేపు మా చిన్నదాని తూకం. మల్లవ్వకు సాయంత్రమే చెప్పి వచ్చాను.