బతుకమ్మలకు దారి చెప్పిన లెక్క

బతుకమ్మలను నీళ్లలో వదలడం ఆడవాళ్ల పని. అందులో మగవాడు, అదీ రీసెర్చి చేసే మగవాడు వేలు పెడితే ఎంత ఉపద్రవమో చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి.

ఎనభైల నాటి సంగతి. సుడులు తిరిగే ప్రవాహాలకు కంప్యూటర్ మీద లెక్కలు కట్టడం నా చదువు. ఆ గిరగిరలన్నీ మా కంప్యూటర్‌కు ఎక్కవు, కాబట్టి సగటు తీసి సుడులను పారేసేవాళ్లం. సగటులో వరద కూడా బుద్ధిగా పారుతుంది. చదవక ముందు కాకరకాయ, చదివాక కీకరకాయ అంటారే, నా కీకరకాయకు కంప్యూటర్ ముద్ర కూడా పడింది.

సద్దుల బతుకమ్మకు మణుగూరు కాలనీలో అక్క ఇంటికి వెళ్లాను. అక్క అత్తగారు పండక్కి మొదటిసారి వచ్చారు. ఆమె మెప్పు కోసం అక్క ప్రాణం పెట్టి తంగేడుపూలు పేర్చింది. ఏటా బతుకమ్మలు వదిలే రేవు దూరం, దారంతా బురద. కాలనీ పక్కనే గోదావరిలో కలిసే వాగు, దాని మీద వంతెన ఉన్నాయి.

"అత్తమ్మకు మోకాళ్ల నొప్పులురా. గీ వంతెన కాడనే ఇడిస్తే పోతయా?"

"లెక్క కట్టిన అక్కా. సీదా గోదావరికే!"

నా మాట నమ్మి అక్క కాలనీ ఆడవాళ్లందరినీ ఒప్పించింది.

వదిలిన బతుకమ్మలు కాస్త దూరం పోయాయి. వంతెన స్తంభం వెనక సుడిలో చిక్కి, గుండ్రంగా తిరిగి, మళ్లీ ఒడ్డుకే వచ్చాయి. తోస్తే పోయాయి, తిరిగొచ్చాయి. అలిగి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా ఒడ్డు వదలవు!

"ఏందిరా గిది?"

"సగటున పోతున్నయి అక్కా."

"సగటున నిన్ను తోస్త వాగుల!"

"గౌరమ్మ పోతలేదంటే మంచిగ కాదు," అని వెనక ఎవరో గొణిగారు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో అత్తగారు ముందుకు రావడం చూసి నాకే వాగులో దూకాలనిపించింది.

"ఏందే, గట్ల మొఖాలు ఏలాడేసిండ్రు? గౌరమ్మకు నా కోడల్ని ఇడిసి పోబుద్ధి అయితలేదు. ఇంకో పాట ఎత్తుకోండ్రి!"

ఆట మళ్లీ మొదలైంది. పాట అయ్యాక ఎవరో వెదురుకర్రతో బతుకమ్మలను సుడి దాటించారు. అక్క నవ్వింది. అత్తగారి ఆ ఒక్క మాటకు ఆ తల్లికి ఈ రోజుకూ మనసులో దండం పెట్టుకుంటాను.

ఇంటికి వెళ్తూ ఆమె నన్ను పక్కకు పిలిచారు.

"బిడ్డా, మా ఊర్ల బతుకమ్మలు ఇడువంగనే జల్దీ పోతయ్. ఆడోళ్లకు మనసు నిండదు. గిట్ల ఆపి తిప్పే లెక్క మాకు గూడ కట్టియ్యరాదూ?"

"గట్లనే అత్తమ్మా," అన్నాను, సిగ్గులేకుండా.

ఆ వాగు సాక్షిగా అప్పుడే ఘోర ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో పారే నీళ్లకు దారి చెప్పను. ఆపి తిప్పమంటే మాత్రం, అడిగేది అత్తమ్మ కాబట్టి, కాదనను.